కార్పొరేటర్‌గా నిలబడ్డాను: కరోనా దెబ్బ నుంచి మన బస్తీలు తేరుకోవాలంటే ముందు ఏం చేయాలి? మీ మాట చెప్పండి

బోరబండ_టీచరమ్మ
22 నవంబర్ 2020, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. హైదరాబాద్ జీహెచ్ఎంసీ ఎన్నికలకు ఈరోజు గుర్తులు ఇచ్చారు. నేను ఇండిపెండెంట్. గుర్తేమిటో ఇక్కడ రాయను, ఈ పోస్టు ఓటు అడగడానికి పెట్టడం లేదు. గెలిస్తే మొదటి ఆరు నెలలు దేని మీద కూర్చోవాలో మీతో మాట్లాడి తేల్చుకోవాలని పెడుతున్నాను.

పన్నెండేళ్లు ఒక ప్రైవేటు స్కూల్లో సోషల్ చెప్పాను. మార్చిలో స్కూలు మూశారు, ఏప్రిల్ నుంచి జీతం ఆగింది, ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాక ఇద్దరు టీచర్లు చాలని మమ్మల్ని రావద్దన్నారు. అప్పటి నుంచి బస్తీలోనే తిరుగుతున్నాను. లాక్‌డౌన్‌లో తెల్లకార్డు ఉన్నవాళ్లకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1,500 రూపాయలు వచ్చాయి. మా గల్లీలో కార్డు లేని ఇళ్లు ఎన్ని ఉన్నాయో నాకు అప్పుడే తెలిసింది. రోజూ పలకరించుకునే మనుషులు, వాళ్లకు కార్డు లేదని ఒక్కరోజు కూడా అనుకోలేదు.

ఇప్పటికి నా మనసులో ఉన్నవి చెప్తాను. మొదటిది బండ్లవాళ్లు. జూన్‌లో వచ్చిన పీఎం స్వనిధి పథకం కింద వీధి వ్యాపారికి పూచీకత్తు లేకుండా 10,000 అప్పు ఇస్తారు, ఏడాదిలో నెలనెలా కట్టాలి, సక్రమంగా కడితే 7 శాతం వడ్డీ రాయితీ ఖాతాలో పడుతుంది. మన దగ్గర చాలామందికి ఈ సంగతే తెలియదు, తెలిసినవాళ్లు బ్యాంకు గడప దగ్గర ఆగిపోతున్నారు. రెండోది పిల్లల చదువు. కమ్యూనిటీ హాలు మార్చి నుంచి తాళం వేసి ఉంది, అందులో టీవీ పెట్టి, నాలాగా ఉద్యోగం పోయిన టీచర్లను కూర్చోబెట్టి, పిల్లల్ని పదిమంది చొప్పున పిలవాలని ఉంది. మూడోది మురుగు మోరీలు. అక్టోబర్ 13 రాత్రి కుండపోత వానకు పల్లం గల్లీల్లో ఏం జరిగిందో అందరూ చూశారు.

తప్పుంటే తప్పని చెప్పండి.

మోతీనగర్_కిరాణం
22 నవంబర్, రాత్రి 10:05

మేడం, మంచి మాట అడిగారు కాబట్టి ఉన్నది చెప్తాను. మా షాపులో ఉద్దెర పుస్తకం ఒకటి ఉంటుంది. మామూలుగా ఏడాదికి ఒక పుస్తకం సరిపోయేది, ఈ ఏడాది మూడోది నడుస్తోంది. అందులో ఎక్కువమంది పెయింటర్లు, సెంట్రింగ్ పనివాళ్లు, హాస్టళ్లలో వంట చేసేవాళ్లు. వాళ్లకు బండి లేదు, స్వనిధి రాదు. బండ్లవాళ్లను చూడొద్దని కాదు, కానీ కూలి కోసం అడ్డా మీద నిలబడే మనిషికి ఏం చేస్తారో కూడా రాయండి. నేను హోల్‌సేల్‌లో క్యాష్ కట్టి సరుకు తెచ్చి ఉద్దెర ఇస్తున్నాను, ఇంకా ఎన్ని నెలలు లాగగలనో నాకే తెలియదు.

హాస్టల్_అన్న
22 నవంబర్, రాత్రి 10:31

కిరాణం అన్న చెప్పిన వంటవాళ్లలో నలుగురు మా దగ్గర చేసినవాళ్లే. ఎస్‌ఆర్ నగర్‌లో నాది చిన్న హాస్టల్, 42 బెడ్లు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు నడిస్తేనే మా పొయ్యి వెలుగుతుంది. మార్చిలో పిల్లలు పెట్టెలు ఇక్కడే వదిలేసి ఊళ్లకు వెళ్లారు, వారం రోజుల్లో వస్తాం అన్నా అన్నారు. ఆ పెట్టెలు జూలై దాకా అలాగే ఉన్నాయి. తర్వాత ఒక్కొక్కరు నాన్నలను తీసుకొచ్చి పట్టుకెళ్లారు. ఇప్పుడు ఆరుగురు ఉన్నారు. బిల్డింగ్ కిరాయి మాత్రం 42 మందికి లెక్కే. ఏప్రిల్‌లో మూడు నెలల కిరాయి ఆపాలని, తర్వాత వాయిదాల్లో తీసుకోవాలని ప్రభుత్వం ఆర్డర్ ఇచ్చింది కానీ ఆపడం అంటే మాఫీ కాదు కదా, బాకీ అట్లనే ఉంది.

హాస్టల్ మూతపడితే నేనొక్కడినే కాదు, పాలవాడు, కూరగాయలామె, బట్టలు ఉతికేవాళ్లు, గ్యాస్ మోసే పిల్లాడు, అందరి పనీ పోతుంది. మా లాంటి వాళ్ల కోసం ట్రేడ్ లైసెన్స్ ఫీజు ఈ ఒక్క ఏడాది తగ్గించమని కౌన్సిల్‌లో అడుగుతారా?

ఇస్త్రీబండి_కొడుకు
23 నవంబర్, ఉదయం 6:50

అక్కా, స్వనిధి గురించి రాశారు కాబట్టి మా నాన్న సంగతి చెప్తాను. మాది బొగ్గుల ఇస్త్రీ బండి. ఒక పెద్ద అపార్ట్‌మెంట్ గేటు పక్కన పద్దెనిమిదేళ్లుగా ఉంది. సాఫ్ట్‌వేర్ వాళ్ల చొక్కాలే మా ఇల్లు నడిపాయి. రోజుకు 120 బట్టలు వచ్చేవి. ఇప్పుడు వాళ్లంతా ఇంట్లోంచే పని చేస్తున్నారు, ఇస్త్రీ చొక్కా ఎవరికి కావాలి. నిన్న 14 వచ్చాయి. వాటికోసం పెట్టె వేడెక్కించడానికే ఒక బుట్ట బొగ్గు కాలుతుంది, అది 14 బట్టలకైనా 120కైనా అంతే. నాన్న ఇప్పుడు రోజు విడిచి రోజు వెలిగిస్తున్నాడు, రెండు రోజుల బట్టలు కలిపి చేయడానికి.

జూలైలో గిరిగిరి ఫైనాన్స్‌లో పదివేలు తీసుకున్నాం. చేతికి ఇచ్చింది 8,500, కట్టింది రోజుకు వంద చొప్పున వంద రోజులు. అదే సమయానికి 10,000 బ్యాంకు అప్పు ఉందని ఎవరూ చెప్పలేదు. తర్వాత నేనే ఫోన్‌లో చూసి అప్లై చేద్దామంటే నాన్న ఆధార్‌కు ఉన్న నంబర్ పాతది, ఆ సిమ్ ఎప్పుడో పోయింది. ఓటీపీ రాదు. ఆధార్ సెంటర్‌కు రెండుసార్లు వెళ్తే రెండుసార్లూ టోకెన్లు అయిపోయాయి. బ్యాంకులో అడిగితే వీధి వ్యాపారి కార్డు తెమ్మన్నారు, కార్డు కోసం సర్వే చేసిన రోజు నాన్న ఊళ్లో ఉన్నాడట, పేరు ఎక్కలేదు. ఇన్నేళ్లుగా ఒకే చోట నిలబడ్డ మనిషి పేరు ఎక్కలేదు.

రిటైర్డ్_బిల్‌కలెక్టర్
23 నవంబర్, ఉదయం 8:15

బాబూ, కార్డు లేకపోయినా దారి ఉంది, నిరాశ పడకు. సర్వేలో పేరు లేనివాళ్లకు సిఫారసు లేఖ ఇచ్చే ఏర్పాటు ఆ పథకంలోనే పెట్టారు. 2020 మార్చి 24 నాటికి వ్యాపారం చేస్తున్నట్టు తేలితే చాలు. ముందు మాత్రం ఆధార్‌కు ఫోన్ నంబర్ ఎక్కించాలి, అది లేకుండా అప్లికేషన్ ముందుకు కదలదు.

టీచరమ్మా, ముప్పై ఏళ్లు మున్సిపాలిటీ పని చేశాను కాబట్టి ఒకటి చెప్తాను, ఏమీ అనుకోకు. కార్పొరేటర్ చేతిలో ఏముందో ఏం లేదో ముందు జనానికి చెప్పు. నీళ్లు జలమండలివి. కరెంటు విద్యుత్ పంపిణీ సంస్థది. రేషన్ పౌర సరఫరాల శాఖది. బస్సు ఆర్టీసీది. చెత్త, మోరీ, వీధి దీపం, దోమల మందు, కమ్యూనిటీ హాలు, ట్రేడ్ లైసెన్స్, ఇంటి పన్ను, అయిదు రూపాయల అన్నం, ఇవి మన కార్పొరేషన్‌వి. వీటిలో కూడా ఫీజు తగ్గించాలంటే ఒక్క కార్పొరేటర్ వల్ల కాదు, 150 మందిలో నువ్వు ఒకదానివి. హాస్టల్ బాబుకు ఫీజు తగ్గిస్తానని ఇప్పుడే మాట ఇవ్వొద్దు. అడుగుతానని చెప్పు, అంతవరకే నిజం.

ఇంటి పన్ను సంగతే చూడు. దీపావళికి ప్రకటించారు, ఏడాదికి 15,000 లోపు కట్టే ఇళ్లకు ఈ ఏడాది సగం రాయితీ. మంచిదే. కానీ ఆ సగం మిగిలింది ఇంటి ఓనరుకు. బస్తీలో ఒక ఓనరు కింద నాలుగు పోర్షన్లు ఉంటాయి, ఆ నాలుగు ఇళ్ల కిరాయి ఎక్కడైనా తగ్గిందా? సాయం ఇచ్చేటప్పుడు కిరాయిదారు ఎప్పుడూ లెక్కలోకి రాడు. నా సర్వీసంతా చూసింది ఇదే.

డిగ్రీ_సెకండియర్
23 నవంబర్, మధ్యాహ్నం 1:20

మా అమ్మ చదువుకోలేదు, ఆమె చెప్తే నేను రాస్తున్నాను. అమ్మ హైటెక్ సిటీ దగ్గర రెండు ఫ్లాట్లలో పని చేస్తుంది. బోరబండ స్టేషన్‌లో ఎంఎంటీఎస్ లోకల్ రైలు ఎక్కితే తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. టికెట్ 5 రూపాయలు. మార్చి నుంచి రైలు లేదు. మెట్రో సెప్టెంబర్ 7న మొదలైంది, సిటీ బస్సులు సెప్టెంబర్ చివర్లో కొన్ని వచ్చాయి, మా రైలు మాత్రం రాలేదు. ఇప్పుడు షేర్ ఆటోలో పోను 30, రాను 30. ఇదివరకు అయిదు ఇళ్లు చేసేది, రెండే మిగిలాయి. రోజుకు 60 ఆటోకే పోతే ఇంటికి తెచ్చేది ఎంతో మీరే లెక్క వేయండి.

మేడం, రైలు మీ చేతిలో లేదని నాకు తెలుసు. కానీ ఎవరో ఒకరు రాసి అడగాలి కదా. మేము అడిగితే ఎవరు వింటారు. అమ్మ ఇంకొకటి చెప్పమంది: పని ఇళ్లలో కరోనా టెస్ట్ కాగితం చూపించమంటున్నారు, మళ్లీ మళ్లీ టెస్టుకు వెళ్తే ఆ రోజు కూలి పోతుంది.

అపార్ట్‌మెంట్_సెక్రటరీ
23 నవంబర్, సాయంత్రం 6:02

చాలామంది బాధలు చదివాను, కాదనడం లేదు. కానీ మా వైపు నుంచి కూడా వినండి. బండ్లకు లోన్లు ఇచ్చి, కార్డులు ఇచ్చి, ఎక్కడ పెట్టుకోవాలో చెప్పకపోతే ఫుట్‌పాత్ మొత్తం పోతుంది. మా గేటు ముందు ఇప్పటికే టిఫిన్ బండ్లు మూడు, పండ్ల బండ్లు నాలుగు. పెద్దవాళ్లు నడవడానికి రోడ్డు మధ్యలోకి దిగుతున్నారు. ఆరు అడుగుల దూరం పాటించండి అంటే ఎక్కడ పాటించాలి? ఇంటి పన్ను, ట్యాక్సులు అన్నీ టైముకు కట్టేది మేమే, మా గురించి ఒక్క ముక్క లేదు.

ఇస్త్రీబండి_కొడుకు
23 నవంబర్, సాయంత్రం 6:30

సార్, ఆ బండ్లు నాలుగు నెలల కింద లేవు. పండ్ల బండి ఒకటి ఇదివరకు ఆటో నడిపిన అన్నది. ఇంకొకటి టైలర్‌ది, పెళ్లిళ్లు లేక మిషన్ మూసేసి బండి పెట్టాడు. వాళ్లు మీ గేటు ముందుకు ఇష్టంతో రాలేదు.

రిటైర్డ్_బిల్‌కలెక్టర్
23 నవంబర్, సాయంత్రం 7:10

సెక్రటరీ గారి ప్రశ్న సబబైనదే, దానికి చట్టంలోనే జవాబు ఉంది. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో 40 శాతం మంది వీధి వ్యాపారులే ఎన్నికై రావాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు ఉండాలి. ఎక్కడ పెట్టుకోవచ్చు, ఎక్కడ కూడదు అని జాగాలు గుర్తించాలి. సర్వే పూర్తయ్యేదాకా ఉన్నవాళ్లను లేపకూడదు. జాగా గీత గీసి ఇస్తే సార్‌కు ఫుట్‌పాత్ దొరుకుతుంది, బండివాడికి రోజూ తరుముతారన్న టెన్షన్ పోతుంది. గీత గీయనందువల్లే ఇద్దరూ ఒకరినొకరు తిట్టుకుంటున్నారు.

ఆశా_వర్కర్_బస్తీ
23 నవంబర్, రాత్రి 9:48

డ్యూటీ అయ్యి ఇప్పుడే వచ్చాను. టీచర్ గారూ, కమ్యూనిటీ హాలు పిల్లల క్లాసులకు అన్నారు. నేను ఒప్పుకోను. ఆ హాలు నాకు కావాలి.

ఎందుకో చెప్తాను. ఆగస్టులో ఒక ఇంటికి వెళ్లాను. ఒకే గది, అందులో ఏడుగురు. పెద్దకొడుక్కు పాజిటివ్. హోమ్ ఐసోలేషన్ అని కాగితం మీద రాశారు. ఆ అబ్బాయిని ఎక్కడ పెట్టారంటే, గదికి అడ్డంగా వాళ్లమ్మ పాత చీర తాడు మీద ఆరేసి, అటు పక్క పడుకోబెట్టారు. చీరకు ఇటు పక్క పొయ్యి. బాత్రూమ్ బయట, నాలుగు ఇళ్లకు ఒకటే. ఆ తల్లి నన్ను అడిగింది, అమ్మా చీర రెండు మడతలు వేస్తే ఆగుతుందా అని. నేను ఏం చెప్పాలి? పదిరోజుల్లో ఆ ఇంట్లో అయిదుగురికి వచ్చింది. ముసలాయన పోయాడు.

అప్పుడు కూడా ఆ హాలు తాళం వేసే ఉంది, వాళ్లింటి నుంచి కనిపిస్తుంది. కేసులు ఇప్పుడు తగ్గాయి, నిజమే. చలికాలం వచ్చింది, ఎన్నికల సభలు చూస్తున్నాను, మాస్కు ఉన్నవాళ్లను వెతుక్కోవాలి. మళ్లీ పెరిగితే మంచాలు వేయడానికి ఆ హాలు తప్ప జాగా లేదు. ఇంకో మాట, చాలామంది టెస్టుకు రావడం లేదు. భయం జబ్బు గురించి కాదు, పాజిటివ్ వస్తే రెండు వారాల కూలి పోతుందని. ఆ రెండు వారాలు ఇంటికి బియ్యం, పప్పు చేరుతుందని ముందే తెలిస్తే వాళ్లే వస్తారు.

బోరబండ_టీచరమ్మ
24 నవంబర్, ఉదయం 5:55

రాత్రంతా ఆ చీర గురించే ఆలోచించాను. అక్కా, మీ మాటే సరి. హాలు మీదే. తాళంచెవి మీ దగ్గర, బస్తీ దవాఖానాలో ఉండాలి, కేసు వచ్చిన రోజు ఎవరినీ అడగకుండా తెరిచేలా. కేసులు లేని రోజుల్లో పగలు పిల్లలు కూర్చుంటారు, కేసులు మొదలైతే అదే రోజు ఖాళీ చేస్తాం. పిల్లలకు వేరే జాగా వెతుకుతాను, గుడి మండపమో, మసీదు పక్క షాదీఖానానో, అడిగితే ఇవ్వరా.

పెద్దాయన అన్నట్టు నా చేతిలో లేనివి మాట ఇవ్వను. రైలు గురించి దక్షిణ మధ్య రైల్వేకు ఉత్తరం రాస్తాను, మీ అమ్మగారి లెక్క, 5 రూపాయలు, 60 రూపాయలు, అందులో అలాగే రాస్తాను. ట్రేడ్ లైసెన్స్ ఫీజు కౌన్సిల్‌లో అడుగుతాను, తగ్గుతుందని చెప్పలేను. అడ్డా మీద నిలబడేవాళ్ల సంగతికొస్తే, అయిదు రూపాయల అన్నం 2014 నుంచి నగరంలో నడుస్తోంది, మన అడ్డా దగ్గర ఆ అన్నం కౌంటర్ లేదు, అది తెప్పించడం కార్పొరేటర్ చేయగలిగిన పనే. కిరాణం అన్నా, కూలి దొరకని రోజు మనిషి మీ ఉద్దెర మీద కాకుండా ముందు అక్కడ తింటాడు.

మోతీనగర్_కిరాణం
24 నవంబర్, ఉదయం 9:12

మేడం, నిన్న టీఆర్‌ఎస్ మేనిఫెస్టో వచ్చింది. నెలకు 20 వేల లీటర్ల దాకా నీళ్లు ఉచితం, సెలూన్లకు, లాండ్రీలకు, ధోబీ ఘాట్లకు కరెంటు ఉచితం అన్నారు. మంచి మాటలే, మీరు దీని గురించి ఏమంటారు?

ఇస్త్రీబండి_కొడుకు
24 నవంబర్, ఉదయం 9:40

సెలూన్ వాళ్లకు నిజంగా మేలే, మా బాబాయికి సెలూన్ ఉంది, ఆయన సంతోషపడ్డాడు. మాది బొగ్గుల పెట్టె అన్నా. మీటరు లేని బండికి కరెంటు ఉచితం ఎట్లా అందుతుంది? బండి దగ్గరికి ఒక కరెంటు పాయింట్ వచ్చేలా చూస్తే మాకూ అందినట్టే.

డిగ్రీ_సెకండియర్
24 నవంబర్, ఉదయం 11:03

నీళ్లు కూడా అంతే. కనెక్షన్ ఓనరు పేరు మీద ఉంది, మా దగ్గర నెలకు 200 నీళ్ల డబ్బులని విడిగా తీసుకుంటాడు. బిల్లు సున్నా వస్తే మా 200 ఆగుతాయా?

మరి వరద డబ్బుల సంగతి? 10,000 ఇస్తున్నారని అందరూ లైన్లు కట్టారు, ఎన్నికల కోడ్ వల్ల 18వ తేదీన ఆపేశారు. మా గల్లీలో మోకాలి దాకా నీళ్లు వచ్చిన ఇంటికి రాలేదు, మెట్ల మీద ఉన్న ఇంటికి వచ్చింది. ఎవరి పేరు రాశారో, ఎందుకు రాశారో ఎవరికీ తెలియదు.

రిటైర్డ్_బిల్‌కలెక్టర్
24 నవంబర్, మధ్యాహ్నం 3:26

అమ్మాయి చెప్పిన దాంట్లోనే అసలు విషయం ఉంది. బియ్యం అయినా, వరద డబ్బు అయినా, స్వనిధి అయినా, ఎక్కడ చూసినా జాబితా దగ్గరే మనిషి జారిపోతున్నాడు. జాబితా ఎవరూ చూడరు. టీచరమ్మా, మోరీలు, హాలు అన్నీ చేద్దువుగానీ, మొదటి నెలలో ఒకటి చెయ్యి. గల్లీ గల్లీకి తిరిగి, ఎవరు ఎక్కడ ఉంటున్నారు, ఓనరా కిరాయా, ఏం పని చేసేవారు, ఇప్పుడు ఏం చేస్తున్నారు, కార్డు ఉందా లేదా, రాయించు. తర్వాత ఏ సాయం వచ్చినా తీసుకున్నవాళ్ల జాబితా వార్డు ఆఫీసు గోడ మీద అంటించు. ఆధార్ నంబర్లు, జబ్బుల వివరాలు మాత్రం గోడ మీద పెట్టకూడదు, పేరు, గల్లీ చాలు. తప్పు ఉంటే పక్కింటివాళ్లే చెప్తారు. జీహెచ్ఎంసీ చట్టంలో వార్డు కమిటీ, ఏరియా సభ అని ఉన్నాయి, వార్డు కమిటీకి అధ్యక్షత కార్పొరేటర్‌ది. కాగితం మీద ఉన్న ఆ సభను నిజంగా కూర్చోబెట్టి జాబితా అందరి ముందు చదివించు. నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇది చేయించలేకపోయాను, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

బోరబండ_టీచరమ్మ
24 నవంబర్, రాత్రి 10:20

ఒప్పుకుంటున్నాను. నేను బండ్లవాళ్లు మొదట అని రాశాను, దాన్ని మారుస్తున్నాను. జాబితానే మొదటి పని. ఉద్యోగం పోయిన టీచర్లం మన డివిజన్‌లో చాలామందిమి ఉన్నాం, గల్లీలు తిరిగి రాసే పని మాకు కొత్త కాదు, జనాభా లెక్కలకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. సెక్రటరీ గారూ, మీ అపార్ట్‌మెంట్‌లో పని చేసే వాచ్‌మన్లు, పనివాళ్లు, డ్రైవర్ల పేర్లు రాయించడానికి సాయం చేస్తారా? బండ్ల జాగాలు గుర్తించే రోజు మీరూ వచ్చి నిలబడండి, ఫుట్‌పాత్ ఎంత వదలాలో మీరే చెప్పండి.

అపార్ట్‌మెంట్_సెక్రటరీ
25 నవంబర్, ఉదయం 7:45

వస్తాను. ఇస్త్రీ బండి మా గేటు దగ్గరిదే అని ఇప్పుడు అర్థమైంది. బాబూ, కరెంటు పాయింట్ సంగతి మా కమిటీ మీటింగ్‌లో పెడతాను, సబ్ మీటరు పెట్టి ఇవ్వొచ్చేమో చూద్దాం. పనివాళ్ల టెస్ట్ కాగితం విషయం కూడా మాట్లాడతాను, మా దగ్గర కూడా అడుగుతున్నారు. కనీసం టెస్టుకు వెళ్లిన రోజు కూలి కోయకూడదు.

ఇస్త్రీబండి_కొడుకు
25 నవంబర్, ఉదయం 8:00

థ్యాంక్స్ సార్. అక్కా, నాన్న స్వనిధి ఫారం మీరు నింపిపెడతారా? ఈ ఆదివారం మీరు మా వైపు వస్తారని విన్నాను.

బోరబండ_టీచరమ్మ
25 నవంబర్, ఉదయం 8:40

తమ్ముడూ, పోలింగ్ అయ్యేదాకా నేను ఆ ఫారం ముట్టుకోకూడదు. అభ్యర్థిగా ఉండి లోన్ కాగితం నింపితే అది ఓటుకు ఎరవేసినట్టే అవుతుంది, నాకు అది ఇష్టం లేదు. డిసెంబర్ 1 పోలింగ్, 4న లెక్కింపు. ఓడినా గెలిచినా 5న వస్తాను. కానీ అప్పటిదాకా మీరు ఆగాల్సిన పని లేదు.

రిటైర్డ్_బిల్‌కలెక్టర్
25 నవంబర్, ఉదయం 9:05

నాకు ఏ గుర్తూ లేదు, నేను నింపుతాను. రేపు ఉదయం ఆరున్నరకే ఆధార్ సెంటర్ దగ్గర లైన్‌లో ఉండు, నాన్నను తీసుకురా, ఆయన వేలిముద్ర కావాలి. చేతులు బొగ్గు మసి లేకుండా బాగా కడిగించు, ఇస్త్రీ చేసే చేతులకు వేలిముద్ర త్వరగా పడదు. నేను ఫ్లాస్కులో టీ తెస్తాను.

ఇస్త్రీబండి_కొడుకు
26 నవంబర్, మధ్యాహ్నం 12:18

టోకెన్ నంబర్ 9 దొరికింది. మూడోసారికి వేలిముద్ర పడింది. కొత్త నంబర్ ఎక్కడానికి కొన్ని రోజులు పడుతుందన్నారు. మా వెనక లైన్‌లో పండ్ల బండి అన్న, టైలరన్న కూడా ఉన్నారు, వాళ్లనూ నేనే రమ్మన్నాను. వాళ్ల ఫారాలు కూడా నింపుతారా తాతా?

రిటైర్డ్_బిల్‌కలెక్టర్
26 నవంబర్, మధ్యాహ్నం 12:41

తీసుకురా. వాళ్లు బండి పెట్టింది లాక్‌డౌన్ తర్వాత కాబట్టి మార్చి 24 నిబంధన అడ్డు రావొచ్చు, ఆ మాట ముందే చెప్పు, ఆశపెట్టి తిప్పొద్దు. అయినా ఇద్దరి పేర్లు, గల్లీ, ఇదివరకు చేసిన పని ఒక కాగితం మీద రాసి ఇవ్వమను. టీచరమ్మ జాబితాకు అవే మొదటి రెండు పేర్లు.